ఎవరిదీ కాని గది

వేడి టవలు మొహం మీద కప్పాక చచ్చినవాడికీ కునుకు తీసేవాడికీ తేడా కనపడదు. అందుకే ఆ సెలూన్‌లో గోడవార కుర్చీలో వెనక్కి వాలిన మనిషిని చాలాసేపు ఎవరూ కదిలించలేదు. పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్నాయన ఆ నిద్ర చూసి కుళ్ళుకున్నాడు కూడా. చివరికి టవలు చల్లారిపోయి ఉంటుందని ఓనరు తీసి చూశాడు. మనిషి అంతకన్నా చల్లారిపోయి ఉన్నాడు.

చెవి వెనక దోమ కుట్టినంత ఎర్ర చుక్క. అంతే. టవలు వేసిన పనివాడు ఆ పొద్దునే కొత్తగా చేరాడు. నురగ చేతులతోనే వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. మొదటిరోజే అంత నాజూగ్గా పని చేస్తున్నప్పుడే తను అనుమానించాల్సిందని ఓనరు పోలీసుల ముందు తల కొట్టుకున్నాడు.

పోయినవాడు రక్షణశాఖలో సిగ్నల్ అనలిస్టు. ఆఫీసులో అందరూ మాస్టారు అని పిలిచేవారు. ఎవడు తప్పు చేసినా పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పే జబ్బు ఉండేది ఆయనకి. ఆ సాయంత్రానికి గూఢచారి విభాగం చీఫ్‌తో ఒంటరిగా మాట్లాడాలని ముందే టైము అడిగాడు. టైము ఇచ్చారు. వాడుకోవడానికి మనిషే మిగల్లేదు.

చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఎదటివాడికి పని అప్పగించేటప్పుడు నారింజపండు తొక్క తీస్తూ మాట్లాడటం ఆయన అలవాటు. పండులో సగం ఎదటివాడికి ఇచ్చాడంటే ఆ పనిలో ప్రాణం మీదికొచ్చే సంగతి ఉన్నట్టు లెక్క. రేడియో లోపలికి అడుగు పెట్టేసరికి సగం పండు అతని వైపు తోసి ఉంది.

రేడియో అంటే ఏజెంటు. వయసులో ఉన్నప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సరిహద్దు అవతలి కబుర్లు విన్నవాడు. ఆ కొలువు ఆ పేరునీ, ఒక చెవుడు చెవినీ మిగిల్చింది. చెవుడు చెవిలో డిపార్ట్‌మెంటు వాళ్లు హియరింగ్ ఎయిడ్ పెట్టారు. పైకి ముసలివాళ్లు పెట్టుకునే మామూలు పరికరం. లోపల చిన్న రిసీవర్, అంతకన్నా చిన్న ట్రాన్స్‌మిటర్. గాలిలో తిరిగే గోలని అతనికి వినిపిస్తుంది, అతను వినే మాటల్ని గోడ అవతల పెట్టెలోకి పంపిస్తుంది. లోకం మాత్రం పాపం చెవిటివాడనుకుని అతని దగ్గర గట్టిగా మాట్లాడుతుంది. గూఢచారికి అంతకన్నా ఏం కావాలి?

పెద్దాయన చెప్పిన సంగతి ఇది. హెడ్‌క్వార్టర్స్‌లో ఒకే అంతస్తులో రెండు వింగులున్నాయి. ఎడమవైపు ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్. శత్రువు రాడార్‌ని గుడ్డిదాన్ని చెయ్యడం, మన రాడార్ గుడ్డిది కాకుండా చూసుకోవడం వాళ్ల పని. కుడివైపు సైబర్. కంప్యూటర్ల నెట్‌వర్కుల్లోకి దూరడం, దూరేవాణ్ణి ఆపడం వీళ్ల పని. బిల్డింగులో అందరూ గాలివాళ్లు, తీగవాళ్లు అంటారు. ఒకే వంటింట్లో పడ్డ తోడికోడళ్లలా ఒకరి గిన్నె ఒకరు ముట్టుకోరు.

ఇద్దరికీ మధ్య ఒక కంప్యూటర్ ఉంది. దాన్ని లైబ్రరీ అంటారు. ఏ మూలనైనా కొత్త రకం జామింగ్, అంటే రాడార్‌ని గుడ్డిదాన్ని చేసే గోల, వినపడితే మన రాడార్ దాన్ని రికార్డు చేసి లైబ్రరీకి పంపుతుంది. లైబ్రరీ దాన్ని మిసైల్ బ్యాటరీలకి, అంటే మిసైళ్లు పేల్చే స్థావరాలన్నిటికీ, అప్‌డేట్‌గా పంపుతుంది, ఇలాంటి గోల వస్తే మోసపోవద్దని. ఆ రికార్డులోనే వైరస్‌లాంటి విషం కలిపి పంపితే? గాలిలోంచి వచ్చింది కాబట్టి అది తమది కాదని తీగవాళ్లు చూడరు. కంప్యూటర్‌లో కూర్చుంది కాబట్టి తమది కాదని గాలివాళ్లు చూడరు. అంతా సవ్యంగా ఉందని రెండు వింగులూ ముద్ర వేసి ఇచ్చాయి. జనరల్స్‌కి ముద్ర ఉంటే చాలు.

రేపు మధ్యాహ్నం ఒక విమానం వస్తోంది. అందులో పొరుగుదేశం పెద్దలు. యుద్ధం ఆపుదామని సంతకం పెట్టడానికి వస్తున్నారు. విమానం మనది. అది దాటాల్సిన మిసైల్ బ్యాటరీ కూడా మనదే. మన మిసైలే దాన్ని కూలిస్తే సంతకం సంగతి దేవుడెరుగు, ఇంకో ఇరవై ఏళ్లు శవాలు లెక్కపెట్టుకోవచ్చు. ఒక విదేశీ గూఢచారి రింగ్‌కి కావాల్సింది అదే.

"విమానం నడిపేదెవరో తెలుసుగా?" అన్నాడు పెద్దాయన.

రేడియోకి తెలుసు. అక్క కూతురు. చిన్నప్పుడు మేడ మీద పడుకోబెట్టి ఆకాశంలో లైట్లు చూపించి ఆ పిచ్చి అంటించింది అతనే. పిల్ల యూనిఫాం వేసుకున్న రోజు అక్క ఒకే మాట అంది, దానికేమైనా అయితే నా గుమ్మం తొక్కకు అని. ఆ మాట అప్పటినుంచీ అతని గుండెల్లో చేపముల్లులా ఉంది.

బ్యాటరీని చివరి క్షణంలో ఆపాలంటే ఒకే దారి. ఆ రోజు హోల్డ్ మాట, అంటే పేల్చకుండా ఆపే రహస్య సంకేతం, వైర్‌లెస్‌లో చెప్పాలి. రోజుకో మాట, పెద్దాయనే పెడతాడు. ఇంట్లో పనికిరాని సామానుతో పెట్టడం ఆయన సరదా.

"రేపటిది పాత చెప్పులు. నీకూ నాకూ బ్యాటరీ కమాండరుకీ తప్ప ఎవరికీ తెలీదు."

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"నెమలి ఉంది. లైబ్రరీ అమ్మిన కంపెనీ ఇంజనీర్‌గా తిరుగుతోంది. రింగ్ కూడా ఆవిణ్ణి తమ మనిషే అనుకుంటోంది."

"ఇంతకీ ఎవరి మనిషి?"

"రెండు చోట్లా జీతం తీసుకుంటుంది. మన దగ్గర తక్కువ."

"అయితే వాళ్ల మనిషే."

"కావచ్చు. అందుకే నువ్వు వెళ్తున్నావు," అన్నాడు పెద్దాయన చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్నే ఒక ఏసీ మెకానిక్ భుజాన సంచీతో హెడ్‌క్వార్టర్స్‌లో దిగాడు. జీబుగా గడ్డం, నూనె మరకల టోపీ, చెవిలో మెషీన్. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు పేరేమిటని అరిచాడు. మెకానిక్ ఏ అంతస్తని అడుగుతున్నావా అని ఎదురడిగాడు. విసుగొచ్చి వదిలేశారు. కోట గోడలు ఎంత ఎత్తున్నా, వేసవిలో ఏసీ మెకానిక్‌ని ఆపే మగాడు ఇంకా పుట్టలేదు.

గాలివాళ్ల హాలు చుట్టూ గోడల్లో రాగి జాలీ వేసి ఉంది. లోపలి సిగ్నల్ బయటికి పోదు. తీగవాళ్ల హాలుకీ అంతే. రెంటికీ మధ్య ఒక గది. అందులో కాఫీ మెషీన్, ఫ్రిజ్, మైక్రోవేవ్ ఒవెన్, మూలన లైబ్రరీ సర్వర్. సర్వర్ మీద ఎవరిదో స్వెట్టరు, రెండు కడగని కప్పులు. రెండు వింగులకీ రహదారి కాబట్టి ఆ గది ఏ వింగుదీ కాదు. ఏ వింగుదీ కాదు కాబట్టి దానికి ఎవరూ జాలీ వెయ్యలేదు. పైగా కిటికీ కూడా ఉంది. కిటికీకి ఎదురుగా రోడ్డు, రోడ్డుకి అవతల లాండ్రీ, లాండ్రీ మేడ మీద ఎప్పుడూ మూసి ఉండే కిటికీ తలుపులు. దేశం గుట్టంతా దాచిన కుండకి అదొక చిల్లు. ఆ చిల్లు పక్కనే నిలబడి అందరూ కాఫీ తాగుతారు.

తన డ్రిల్లుకి సాకెట్ ఖాళీ లేక రేడియో ఒవెన్ ప్లగ్గు పీకి, తను తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చి, బోర్డు బల్ల కిందికి తోశాడు. మెకానిక్ వేషం వేసినప్పుడు కాస్త మెకానిక్ పని కూడా చెయ్యాలి.

అప్పుడే వెనక నుంచి గొంతు వినపడింది.

"గడ్డం బాగానే కుదిరింది గానీ, ఎడమ కాలు ఈడ్చే నడక ఎక్కడ దాస్తావురా?"

మీసం కర్నల్. గాలివాళ్ల వింగుకి పెద్ద. రేడియోకి గురువు. తుప్పు పట్టిన రేకుల షెడ్డులో పక్కన కూర్చోబెట్టుకుని, చెవి పట్టుకుని వినడం నేర్పినవాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం జామింగ్ గురించే. జామింగ్ అంటే శత్రువు మాట వినపడకుండా అదే ఫ్రీక్వెన్సీ మీద అరవడం. కానీ అరిచేవాడు మధ్యమధ్యలో చప్పున ఆగి వినాలి. నువ్వు అరుస్తూనే ఉంటే, శత్రువు ఎప్పుడో పక్క ఫ్రీక్వెన్సీకి జారుకుని నీ మీద నవ్వుకుంటూ ఉంటాడు. ఖాళీ ఇంటి ముందు నిలబడి తిట్టేవాడిలా తయారవుతావు. అరు, ఆగు, విను. ఆ మూడు మాటలు శిష్యుల నిద్రలో కూడా మోగేవి.

లోకంలో ఎవర్నీ నమ్మని రేడియో ఆ ఒక్కణ్ణి నమ్మాడు. వచ్చిన పనేమిటో చెప్పేశాడు. హోల్డ్ మాట తప్ప మిగిలినదంతా.

కర్నల్ నిట్టూర్చాడు. మాస్టారు తన కొడుకులాంటి వాడన్నాడు. ఆ కంపెనీ పిల్ల వచ్చిన దగ్గర్నుంచీ బిల్డింగులో గాలి మారిందన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒవెన్ని చేత్తో చరిచాడు. దాని తలుపు సరిగ్గా పడదట, అది తిరిగినంతసేపూ తన పిల్లల హెడ్‌ఫోన్లలో గోలేనట, మార్చమని తను మొత్తుకోని రోజు లేదట. ఆ మాట నిజమే. ఒవెన్ మీద కర్నల్ ఫిర్యాదులు బిల్డింగులో పాత జోకు.

నెమలి లిఫ్టు దగ్గర కలిసింది. ఆకుపచ్చ సిల్కు చొక్కా, ఎత్తు మడమల చెప్పులు, కారిడార్ పొడుగునా ముందే నడిచొచ్చే సెంటు. దాక్కోవాల్సిన మనిషి ఇంతలా ఎందుకు కనపడాలని రేడియోకి మొదటి అనుమానం.

"మీ వాచీ ఆగిపోయినట్టుందండీ," అందామె.

"నడుస్తుంటే అమ్మేసేవాణ్ణి," అన్నాడు.

ముందే అనుకున్న గుర్తుమాటలు మాటకి మాట కుదిరాయి. లిఫ్టు రెండంతస్తులు దిగేలోపు ఆమె అతని సంచీలో ఒక టేపు పడేసింది. మాస్టారు చనిపోయే ముందురోజు తనకి ఇచ్చాడట. ఈమధ్య సరిహద్దులో వినపడ్డ జామింగ్ అంతా అందులో ఉందట. సొంత వింగ్ గాలివాళ్లకి ఇవ్వకుండా నీకెందుకు ఇచ్చాడని రేడియో నిలదీశాడు.

"అదే నేనూ అడుగుదామనుకున్నాను. ఆయన సెలూన్‌కి వెళ్ళిపోయారు," అంది నెమలి. నవ్వలేదు.

అతనికి రెండో అనుమానం.

ఎవరిదీ కాని ఆ కాఫీ గదికి ఆనుకుని పాత సామాను గది ఉంది. అందులో ఇనప బల్ల, దాని మీద వెనకటి కాలపు వాయిస్ సెట్. మైకు, స్పీకరు, మేడ మీద ఏరియల్. బ్యాటరీ దాకా మాట పోయేలా అంతా పనిచేస్తోంది. కొత్త సెట్లు వచ్చాక దాన్ని పారెయ్యడానికి ఎవరి సంతకం కావాలో తేలక అలా ఉండిపోయింది. రేడియో తన హియరింగ్ ఎయిడ్‌ని ఆ సెట్ స్పీకరుకి కలిపి పెట్టుకున్నాడు. తలుపు వేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని టేపు పెట్టాడు.

గోల. రేకుల మీద కంకర పోసినట్టు. దాని వెనక ఇంకో సన్నటి రొద, ఎక్కడో ఈగ తిరుగుతున్నట్టు. రేడియో వెంటనే గుర్తుపట్టి విసుక్కున్నాడు. కాఫీ గది ఒవెన్. టేపు చేసేటప్పుడు మాస్టారు ఆ పాడు గోలని కూడా వదిలేశాడే అనుకుని, మీట తిప్పి దాన్ని తీసేశాడు. ఆ బిల్డింగులో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ప్రతివాడూ చేసే పని అది.

మిగిలింది జామింగ్ ఒక్కటే. వింటూ వింటూ ఉంటే అతని వెన్ను నిటారైంది.

వీడు ఆగడం లేదు. అరుస్తున్నాడు, అరుస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒక్క రెప్పపాటు కూడా వినడానికి ఆగలేదు. అయినా మన రాడార్ ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ క్షణంలో వెంటాడి పట్టుకుంటున్నాడు. ఆగి వినకుండానే వాడికెలా తెలుస్తోంది?

ఎవరో చెబుతున్నారు. లోపలి నుంచి.

మాస్టారు విడమరిచి చెప్పాలనుకున్న తప్పు ఇదే. ఎవరు చెబుతున్నారన్నదే మిగిలింది. ఎడాపెడా తిరిగే మనిషి, రెండు హాళ్లలోనూ అడుగుపెట్టే మనిషి, రెండు జీతాల మనిషి. రేడియోకి ఇంక ఆలోచించాల్సింది కనపడలేదు.

ఏసీ చూపిస్తానని నెమలిని సామాను గదికి పిలిచాడు. ఆమె లోపలికి రాగానే ఒక చేతికి సంకెల వేసి, రెండో కొస ఇనప బల్ల కాలికి తగిలించాడు. ఆమె అరవలేదు. సంకెల వంక, అతని వంక చూసి, బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రింగ్‌కి సిగ్నల్ ఎలా పంపుతున్నావు?"

"పంపేది నేనైతే నాకు అలాంటి ఆర్డరు ఎందుకిస్తారు?"

"ఏం ఆర్డరు?"

"మధ్యాహ్నం భోజనాల వేళ ఆ కాఫీ గదిలోకి అడుగుపెట్టొద్దని. రింగ్ నాకు చెప్పిన మొట్టమొదటి మాట అది. ఎందుకని అడిగితే నోరు మూసుకోమన్నారు. మీ పెద్దాయనకి కబురు పెట్టాను. ఆయన దగ్గర నాకున్న విలువ మీకు తెలిసిందే."

కట్టుకథ అనుకున్నాడు రేడియో. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే తలుపు వేసేశాడు.

మధ్యాహ్నమైంది. విమానం సరిహద్దు దాటిందన్న కబురు వచ్చింది. ఆ వెనకే రెండు హాళ్లలోనూ ఒకేసారి కలకలం రేగింది.

తీగవాళ్ల వైపు బ్యాటరీకి పోయే లైన్లన్నీ చచ్చాయి. ఫోన్లు, నెట్‌వర్కు, ఏదీ లేదు. విషం లేచింది. గాలివాళ్ల వైపు బ్యాటరీతో మాట్లాడే ఫ్రీక్వెన్సీలన్నిటి మీదా కంకర గోల మొదలైంది. విమానంతో మాట్లాడేది కూడా అదే బ్యాండు. తీగ తెగితే గాలిలో చెప్పొచ్చనీ, గాలి నిండిపోతే తీగ మీద చెప్పొచ్చనీ ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నారు. రెండూ ఒకేసారి పోతే ఏం చెయ్యాలో ఏ వింగుకీ రాసిపెట్టి లేదు. బ్యాటరీలో రాడార్ మాత్రం పనిచేస్తోంది. మన విమానం నేను మీవాణ్ణేనని పంపే జవాబుని లైబ్రరీలోని విషం మింగేస్తోంది. వస్తున్నదెవరో తెలియని, పలకని విమానం బ్యాటరీ హద్దు గీత దాటగానే మిసైల్ దానంతటదే లేస్తుంది.

మేనకోడలు గీతకి ఎంతో దూరంలో లేదు.

కారిడార్‌లో నిలబడ్డ రేడియో చెవిలో కంకర గోల మోగుతోంది. దాని వెనక ఈగ రొద. అలవాటుగా చెవి మెషీన్ మీట మీదికి చెయ్యి పోయింది. ఆగిపోయింది.

నెమలికి సంకెల వేసినా కబురు పోతూనే ఉంది. ఇంత కలకలంలో ఒవెన్ ఎవరు తిప్పుతున్నారు?

టేపులో మాస్టారు ఆ రొదని మర్చిపోయి వదల్లేదు. కావాలని ఉంచాడు. జామింగ్ ఉన్న ప్రతిసారీ వెనక ఒవెన్ ఉంది. దేశంలోకెల్లా గట్టి చెవులన్నీ ద్రోహి కబురుని రోజూ విన్నాయి. విని, పాడు ఒవెన్ అని తిట్టుకుని తీసేశాయి.

కాఫీ గది తలుపు తోశాడు. ఒవెన్‌లో గిన్నెడు నీళ్లు తిరుగుతున్నాయి. ముందు కుర్చీ వేసుకుని మీసం కర్నల్ కూర్చున్నాడు. ఒడిలో న్యాప్‌కిన్, న్యాప్‌కిన్ కింద పిస్తోలు.

"తలుపు వెయ్యి. చల్లగాలి పోతుంది," అన్నాడు కర్నల్. "ఇది తిరుగుతున్నంతసేపూ అవతలివాడు అరుస్తూనే ఉంటాడు. ఫ్రీక్వెన్సీ మారితే, ఎక్కడికి మారిందో గుర్తుల్లో తెలిసేలా ఆపి ఆపి తిప్పుతాను. ఎదుటి లాండ్రీ మేడ మీద మావాడు విని, అరిచేవాడికి అందిస్తుంటాడు. నా పేరు మీద ఫిర్యాదులున్న యంత్రాన్ని నేనే వాడతానని ఎవడనుకుంటాడు?"

రేడియో మాస్టారి పేరు ఎత్తాడు.

"వాడూ నా శిష్యుడే. బాగా వినడం నేర్పాను. అదే తప్పు," అన్నాడు కర్నల్. ఆ గొంతులో బాధ నిజంగానే ఉంది. అందుకే అది ఇంకా అసహ్యంగా వినపడింది. "గాలి నాదిరా. ముప్ఫై ఏళ్లు దాన్ని విన్నాను. యుద్ధమంతా ఇక కంప్యూటర్లలోనేనన్నారు. నా హాల్లో సగం వాళ్లకిచ్చారు. నన్ను ఈ కాఫీ గదికి అటువైపు కూర్చోబెట్టారు. గాలి ఇంకా ఉందని వీళ్లకి ఒకసారి గట్టిగా వినపడాలి."

"ఆ విమానంలో నా పిల్ల ఉంది సార్."

"తెలుసు. దానికి రేకుల షెడ్డులో ఊయల కట్టింది నేనే."

అప్పుడు రేడియోకి భయం పోయింది. దాని చోట్లో వచ్చిందేమిటో అతనికి పేరు తెలియదు. హోల్డ్ మాట అతని దగ్గరుంది. మాట్లాడే మైకు గోడ అవతలుంది. మైకు ముందు, తను నమ్మని మనిషి, తనే వేసిన సంకెలతో ఉంది. తన చెవిలో పడే ప్రతి మాటా ఆ గదిలో స్పీకర్లోంచి ఆమెకి వినపడుతోంది. ఇప్పుడు నమ్మాలి. నమ్మడం తప్ప ఇంకేం మిగల్లేదు.

కర్నల్ కళ్లలోకి చూస్తూనే గొంతు పెంచాడు.

"నెమలీ, వింటున్నావుగా. ఈరోజు మాట పాత చెప్పులు. గోల ఆగగానే చెప్పు."

కర్నల్‌కి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణంలో రేడియో బల్ల కింద బోర్డు స్విచ్చి మీద కాలు వేసి తన్నాడు. ఒవెన్ ఆగిపోయింది. పిస్తోలు పేలింది. తూటా అతని భుజాన్ని చీల్చుకుంటూ పోయి మూలనున్న లైబ్రరీ సర్వర్‌లో దిగింది. ఆ పెట్టెలో ఏముందో లోపలిదాకా వెళ్లి చూసింది మొదటిసారి ఆ తూటాయే.

కంకర గోల ఇంకా మోగుతోంది. రేడియో నేల మీద పడి వింటున్నాడు. లాండ్రీ మేడ మీదివాడికి రొద అందడం మానేసింది. ఫ్రీక్వెన్సీ మారిందా? ఎక్కడికి? ఇక చెప్పేవాడు లేడు. అరుస్తున్నవాడికి చెవులు పోయాయి. అలాంటప్పుడు వాడు చెయ్యగలిగింది ఒక్కటే.

గోల ఆగింది.

ఆ రెప్పపాటు నిశ్శబ్దంలో, రేడియో చెవుడు చెవిలో, ఒక ఆడగొంతు నిదానంగా, కూరగాయలు బేరం చేస్తున్నంత నిదానంగా పలికింది.

"బ్యాటరీ, హోల్డ్. ఈరోజు మాట పాత చెప్పులు. మళ్ళీ చెప్తున్నాను, పాత చెప్పులు."

మరుక్షణం కంకర గోల మళ్ళీ కమ్ముకుంది.

అందిందా? ఎవరికీ తెలియదు. గురువు పిస్తోలు పట్టుకుని, శిష్యుడు భుజం పట్టుకుని, ఇద్దరూ తలలు ఒకే పక్కకి వంచి విన్నారు. అలవాటు అలాంటిది. దూరంగా ఏదైనా పేలితే అయిపోయినట్టే. పేలకపోతే...

ముందు కాఫీ కప్పులు కదిలాయి. సర్వర్ మీద స్వెట్టరు పక్కన రెండు కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. తర్వాత కిటికీ అద్దం వణికింది. బిల్డింగు మీదుగా ఒక విమానం బరువుగా, కిందికి దిగుతూ, తాపీగా వెళ్ళిపోయింది.

"పాత చెప్పులా?" అన్నాడు కర్నల్ కుర్చీలోకి జారుతూ.

"పెద్దాయన పెట్టారు."

"ఆయనకి మొదట్నుంచీ సరదా తక్కువ," అన్నాడు కర్నల్. పిస్తోలు న్యాప్‌కిన్‌లో చుట్టి ఒవెన్ మీద పెట్టాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. లాండ్రీ మేడ మీదివాణ్ణి ఇస్త్రీ బట్టల మధ్య పట్టుకున్నారు. సెలూన్ పనివాడు కూడా వాడే.

రక్తం కారుతున్న భుజంతో రేడియో సామాను గది తలుపు తీశాడు. సంకెల తాళంచెవి జేబులో వెతుక్కుంటూ క్షమాపణ లాంటిదేదో గొణగబోయాడు. నెమలి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది. సంకెల బల్ల మీద ఉంది, విప్పి, నీటుగా మడిచి.

"ఎప్పుడు విప్పుకున్నావు?"

"మీరు తలుపు వేసిన వెంటనే."

"మరి వెళ్ళిపోలేదేం?"

"స్పీకర్లో మీరు తిరుగుతున్నది వినపడుతూనే ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఆగి వింటారేమోనని కూర్చున్నాను," అంది. రుమాలు తీసి అతని భుజానికి గట్టిగా, కావలసినదానికన్నా కాస్త ఎక్కువ గట్టిగా, కట్టింది.

సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసింది. సంతకాలయ్యాయనీ, అమ్మ భోజనానికి రమ్మందనీ చెప్పింది. ఆ రెండో కబురుని రేడియో ఫోను మంచి చెవికి మార్చుకుని మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత పిల్ల ఇంకో సంగతి అడిగింది.

"మామయ్యా, దిగబోయే ముందు ఫ్రీక్వెన్సీ మీద ఎవరో ఆవిడ పాత చెప్పులు, పాత చెప్పులు అంది. పాపం దొరికాయంటావా?"

"దొరికాయమ్మా. గుమ్మం దాకా తీసుకొస్తున్నాను," అన్నాడు రేడియో.

ఆ తర్వాత పెద్ద ఎంక్వైరీ జరిగింది. సిగ్నల్ గాలిలో పోయింది కాబట్టి ఒవెన్ గాలివాళ్లదేనని తీగవాళ్లు, ప్లగ్గుకి వైరుంది కాబట్టి తీగవాళ్లదేనని గాలివాళ్లు రాసిచ్చారు. పాతదాన్ని సాక్ష్యంగా పట్టుకుపోయారు కాబట్టి కొత్త ఒవెన్ వచ్చింది. ఏ వింగు సంతకం పెట్టి తీసుకోవాలో ఇంకా తేలలేదు. పెట్టె విప్పకుండా కిటికీ పక్కనే పెట్టారు. ప్రస్తుతానికి అందరూ దాని మీదే కప్పులు పెడుతున్నారు.